1/70 చట్టం: ఏజెన్సీ భూమి వెనక నూరేళ్ల కథ

ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది 1/70 చట్టం (1970 ఒకటో రెగ్యులేషన్). పర్యాటక పెట్టుబడుల కోసం దాన్ని సవరించాలన్న మాట ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ నోట రావడంతో 2025 ఫిబ్రవరిలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన సంఘాలు బంద్ చేశాయి. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. అరకులో హోటల్ కట్టుకోవడానికి చట్టం అడ్డేమిటని మైదానంలో చాలామంది అడిగారు. ఎన్ని భూములు చేతులు మారాక ఆ అడ్డు వచ్చిందో తెలియకపోవడం వల్లే ఈ ప్రశ్న ఇంత తేలిగ్గా వస్తోంది.

అన్నిటికీ మూలం అప్పు. ఉప్పుకూ బట్టకూ షావుకారు దగ్గర చేసిన బాకీకి పంట కల్లంలోనే కొలిచి ఇచ్చినా వడ్డీ మిగిలేది, చివరికి పొలం పోయేది. 1879–80 రంప పితూరీకి (తిరుగుబాటుకు) కల్లు పన్నుతోపాటు, మైదాన వ్యాపారులు కోర్టు డిక్రీలు పట్టుకొచ్చి గిరిజనుల ఆస్తులు పట్టుకుపోవడమూ ఒక కారణం. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం తెచ్చింది. ఏజెంటు (ఏజెన్సీని చూసే ప్రభుత్వ అధికారి) రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, కొండజాతి మనిషి బయటివాడికి భూమి రాసిచ్చినా చెల్లదని అందులో ఉంది. నిజాం ఇలాకాలో 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం ప్రాణం పోయాక గానీ ఆదిలాబాద్ గోండుల భూముల గురించి సర్కారు ఆలోచించలేదు.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఈ ప్రాంతాలకు రెగ్యులేషన్లు చేసే అధికారం గవర్నరుకు ఇచ్చింది. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. 1/70 అలా వచ్చిన రెగ్యులేషనే. మామూలు చట్టంలా అసెంబ్లీలో చేతులెత్తి మార్చేది కాదు. గిరిజనులు తరతరాలుగా ఉంటున్న భూమి మీద వాళ్లకే హక్కుందని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించింది. మరుసటి ఏడాది ఆంధ్ర ప్రాంతానికి 1959 ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబరు నుంచి అది తెలంగాణకూ వర్తించింది.

ఆ 1959 రెగ్యులేషన్‌లో రెండు లొసుగులున్నాయి. అధికారి ముందుగా అనుమతిస్తే గిరిజనుడి భూమి బయటివాడు కొనొచ్చు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మితే చట్టానికి పనే లేదు. రెండోదే ఎక్కువ కీడు చేసింది. ఎలాగో చేజిక్కిన పొలం రెండు చేతులు మారితే చాలు, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆనవాలు దొరికేది కాదు. ఈలోగా శ్రీకాకుళం ఏజెన్సీ రగిలింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. ఆ తర్వాత సాయుధ పోరాటం మొదలైంది.

1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన ఒకటో రెగ్యులేషన్ ఆ లొసుగులు రెండూ మూసింది. అమ్మేది ఎవరైనా సరే, కొనేది గిరిజనుడో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కాకపోతే ఆ బదిలీ చెల్లదు. అధికారి అనుమతి అన్నదే తీసేశారు. అంతకన్నా బలమైనది మరో వాక్యం: ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న స్థిరాస్తిని, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి నుంచి వచ్చినదిగానే భావించాలి. అంటే పొలం పోయిన మనిషి కాగితాల కోసం తిరగనక్కర్లేదు, పొలంలో ఉన్నవాడే తన హక్కు చూపించుకోవాలి. కాగితం ముక్క కూడా చేతిలో లేని కుటుంబాలు కేసు గెలవగలిగాయంటే ఈ వాక్యం వల్లే. 1978 సవరణ ఇలాంటి దస్తావేజుల రిజిస్ట్రేషన్‌ను ఆపి, ఉల్లంఘనకు జైలుశిక్ష పెట్టింది. ఈ నిబంధనలన్నీ రాజ్యాంగబద్ధమేనని 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 1970కి ముందు గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకాలకు కొత్త నిషేధం వర్తించదని కోర్టులు చెప్పాయి. దాని ఫలితం కింద చూస్తాం.

తర్వాతి గొడవ ప్రభుత్వ భూమి మీద. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చారు. చట్టం మనుషుల మధ్య బదిలీలకే గానీ సర్కారుకు కాదన్నది ప్రభుత్వ వాదన. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది, హైకోర్టులో ఓడింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పిచ్చింది. చట్టంలో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి గిరిజనేతర కంపెనీకి ప్రభుత్వ భూమి లీజుకిచ్చినా చెల్లదు. తవ్వితే రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థో, గిరిజన సహకార సంఘాలో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బళ్లకు, ఆస్పత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలి. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో ఈ లెక్క లాభం మీద కాదు, రాయల్టీ మీద: కొత్త లీజులకు రాయల్టీలో 10 శాతం, పాతవాటికి 30. లాభంలో వాటా అన్న మాట అక్కడ లేదు. అది పెద్ద నష్టమే.

తీర్పులోని ఖనిజాభివృద్ధి సంస్థ మినహాయింపునే తర్వాత దారిగా వాడుకున్నారు. బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఆ ఖనిజం వెళ్లేది ప్రైవేటు శుద్ధి కర్మాగారానికి. 2015 నవంబరులో జీవో 97 చింతపల్లి వైపు జెర్రెల బ్లాకుల్లో 1,212 హెక్టార్ల అడవిని దీనికోసమే కేటాయించింది. ఊళ్లకు ఊళ్లు ఎదురు తిరిగాయి. జీవోను పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు.

పొలం కేసుల సంగతి వేరు. భూ బదిలీ రెగ్యులేషన్ (ఎల్.టి.ఆర్.) కింద పెట్టే కేసు స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తుంది. గిరిజనుడు అర్జీ పెట్టొచ్చు, అధికారే తనంతట తాను కేసు తీసుకోనూవచ్చు. గిరిజనేతరుడి మొదటి సమాధానం ఎక్కువగా ‘1970కి ముందే కొన్నాం’. పాత తేదీ వేసిన తెల్లకాగితం ఒప్పందం బయటికొస్తుంది. దాన్ని పరీక్షించాల్సింది ఆ ఏటి అడంగల్‌తో, అంటే ఊరి సాగు లెక్కల పుస్తకంతో (తెలంగాణలో పహాణీ): సాగుదారు గడిలో ఎవరి పేరుంది, శిస్తు రసీదు ఎవరి పేర వచ్చింది? అది చూడకుండా కాగితాన్నే నమ్మితే కేసు అక్కడే పోతుంది. రెండోది బినామీ. పాలేరు పేరునో, పెళ్లాడిన గిరిజన స్త్రీ పేరునో పట్టా ఉంటుంది, పంట డబ్బు మాత్రం ఇంకొకరి ఇంటికి పోతుంది. మూడోది రాతలేని కౌలు, ఏళ్ల తరబడి.

గెలిచాక కూడా పని మిగిలే ఉంటుంది. ఖాళీ చేయించాలని ఉత్తర్వు వస్తుంది, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పంచనామా రాస్తాడు, భూమి అప్పగించినట్టు సంతకాలవుతాయి. నాట్లవేళకు పాతవాడే అరక కడతాడు, ఎందుకంటే గిరిజన రైతు దగ్గర ఎడ్లు, విత్తనాలు, పెట్టుబడి ఉండవు. భూమి తనఖా పెట్టుకుని అప్పివ్వడానికి బ్యాంకులకూ సహకార సంఘాలకూ చట్టంలోనే వీలుంది. అయినా బ్యాంకు వెనకాడితే రైతు మళ్లీ షావుకారు గడపకే వెళతాడు. అసలు యజమానో వారసులో దొరక్కపోతే ఆ భూమిని వేరే గిరిజనుడికి ఇవ్వొచ్చని చట్టం చెబుతోంది. గెలుపు కాగితం మీదే మిగలకూడదంటే, ఉత్తర్వు చేతికి రాగానే అడగాల్సినవి మూడు: సర్వే నంబరు ప్రకారం హద్దు రాళ్లు పాతించడం, పట్టాదారు, సాగుదారు గడులు రెండింట్లోనూ పేరు మార్పించడం, ఆ సీజన్‌కు పంట రుణం.