డిష్‌వాషర్‌లో సంగటి గిన్నె ఎందుకు వదలదు? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డిష్‌వాషర్లు రిపేరు చేస్తాను. "ఏమన్నా, మెషీన్ రెండు గంటలు తిరిగినా సంగటి గిన్నె అట్లే ఉంది" అని ఫోన్ వస్తుంది. నేను వెళ్లేలోపే ఆ ఇంట్లో పౌడర్ రెండుసార్లు మారి ఉంటుంది. డబ్బులు అలా పోతుంటే బాధనిపిస్తుంది. చాలావరకు తప్పు పౌడర్‌ది కాదు. లోపల నీళ్లు సరిగా తిరగడం లేదు, లేదా సరిగా కాగడం లేదు.

అపోహ: ట్యాంకు నీళ్లకు ఫోర్సు లేదు, ప్రెజర్ పంపు పెట్టిస్తేనే గిన్నెలు శుభ్రమవుతాయి.

వాస్తవం: ట్యాంకు ఫోర్సు నీళ్లు మెషీన్‌లోకి రావడానికే. గిన్నెల మీదికి నీళ్లు కొట్టేది అడుగున ఉన్న సర్క్యులేషన్ పంపు. విడతకు మూడు నాలుగు లీటర్లు పట్టుకుని, వాటినే వడగట్టి మళ్లీ మళ్లీ చిమ్ముతుంది. అందుకే మొత్తం వాష్‌కు పది పన్నెండు లీటర్లతో సరిపోతుంది. మిద్దె మీది ట్యాంకు కొళాయికి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 0.3 బార్ ప్రెజర్ వస్తుంది. కొన్ని మెషీన్లకు అది చాలు, మీ మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

అపోహ: శబ్దం వస్తోందంటే లోపల నీళ్లు చిమ్మే రెక్కలు తిరుగుతున్నట్టే.

వాస్తవం: చాలా మెషీన్లలో ఆ రెక్కలకు మోటారు ఉండదు. ఏటవాలు రంధ్రాల్లోంచి నీళ్లు దూసుకొస్తే ఆ తోపుకే తిరుగుతాయి. ఒక గరిటె కాడ అడ్డం పడినా ఆగిపోతాయి. మొన్న ఒక ఇంట్లో కింది రెక్క ఊడదీసి ఊపితే గలగలమంది. పిన్నీసు పెట్టి లాగితే ఆవాలు, మిరప గింజలు, కరివేపాకు ఈనె వచ్చాయి. ఫిల్టర్ కడిగాక సరిగా బిగించలేదు, ఆ సందులోంచి అన్నీ పైకెక్కాయి. ఇంకో ఇంట్లో ఫిల్టర్ తీసి కడిగి నెలలు అయింది. మెతుకులు జిగురు పొరలా పట్టి, పంపుకు నీళ్లందక గుడగుడమంటోంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఇప్పటి మెషీన్లలో చాలావాటికి హీటర్ పంపులోనే ఉంటుంది. నీళ్లు పారకపోతే హీటర్ కాలిపోకుండా సేఫ్టీ దాన్ని ఆపేస్తుంది. అంటే ఫిల్టర్ మూసుకుపోతే ఫోర్సు తగ్గడమే కాదు, నీళ్లు చల్లగానే ఉండిపోవచ్చు. "హీటర్ పోయిందన్నా" అని పిలిచిన ఇళ్లలో నేను ముందు చూసేది ఫిల్టరే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. రెక్క కొస ఎటు ఉందో గుర్తు పెట్టుకుని మెషీన్ ఆన్ చేయండి. ఐదు నిమిషాల తర్వాత తలుపు కొంచెమే తీసి, ఆవిరి పోయాక చూడండి. రెండు మూడుసార్లు చూసినా కొస అక్కడే ఉంటే తిరగడం లేదు.

అపోహ: సోలార్ వేడినీళ్లు ఇస్తే ఇంకా బాగా కడుగుతుంది.

వాస్తవం: నీళ్లు మెల్లగా కాగడమే మేలు. పౌడర్‌లో పిండిపదార్థాన్ని, గుడ్డు లాంటి ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైములు ఉంటాయి. మామూలుగా 40 నుంచి 60 డిగ్రీల మధ్య వాటికి సమయం దొరకాలి. సంగటి వదిలేది అప్పుడే. మొదటే మరిగే నీళ్లు తగిలితే గుడ్డు ప్లేటుకు ఉడికి అంటుకుపోతుంది. చాలా కంపెనీలు లోపలికి వచ్చే నీళ్లు 60 డిగ్రీలు దాటొద్దంటాయి. మన ఎండలకు సోలార్ నీళ్లు సులభంగా అది దాటుతాయి. రోజువారీ గిన్నెలకు 50 డిగ్రీల ఎకో, జిడ్డు బాండలికి 65-70 డిగ్రీల ప్రోగ్రాం పెట్టండి. ఎకోకు టైం ఎక్కువ పడుతుందని టెన్షన్ వద్దు. కరెంటు ఎక్కువగా ఖర్చయ్యేది నీళ్లు కాచడానికే, వేడి తగ్గించినందుకు టైం పెరుగుతుంది.

అపోహ: వాష్ టైం పెరిగిందంటే మెషీన్ పాడైనట్టే.

వాస్తవం: ముందు వోల్టేజీ చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే హీటర్, 190కి పడిపోతే సుమారు 1365 వాట్లే ఇస్తుంది. నీళ్లు కావలసినంత కాగేదాకా మెషీన్ ఆగుతుంది, అందుకే ఆలస్యం. బోరు నీళ్ల ఇళ్లలో హీటర్‌కు పట్టిన సున్నపు పొర కూడా వేడిని అడ్డుకుంటుంది. డిష్‌వాషర్ ఉప్పు వేయమనేది అందుకే. వంటింటి అయోడిన్ ఉప్పు మాత్రం వేయకండి.

చివరగా ఒకటి. పౌడర్ అయిపోయిందని సింకు దగ్గరి లిక్విడ్ సబ్బు పోయొద్దు. నురగ నిండితే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది, రెక్కలు ఆగిపోతాయి, నురగ తలుపు సందుల్లోంచి నేల మీదికి వస్తుంది. పొరపాటున పోసి ఉంటే వెంటనే ఆపి, డ్రెయిన్ చేసి, గిన్నెలు బయటికి తీసి, నురగంతా పోయేదాకా చన్నీళ్లతో రిన్స్ పెట్టండి.