"మార్కెట్ ఎలా ఉందండీ?": జాబ్ మార్కెట్ మీద అపోహలు, వాస్తవాలు

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో రిక్రూట్‌మెంట్ పని చేస్తున్నాను. పెళ్లికెళ్లినా, దినానికెళ్లినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి "మార్కెట్ ఎలా ఉంది?" అంటారు. ఏ మార్కెట్ అని అడిగితే పొగరనుకుంటారు.

అపోహ: జాబ్ మార్కెట్ ఒక్కటే, పడితే అందరికీ పడుతుంది.

వాస్తవం: రైతుబజార్లో టమాటా పారబోసే రోజే పచ్చిమిర్చి కొనలేకపోతాం కదా, ఇదీ అంతే. పని వెతుక్కునేవాళ్లు, మనుషుల్ని వెతుక్కునే కంపెనీలు, మధ్యలో జీతం బేరం. ఒక్కో పనికి, ఒక్కో ఊరికి, ఎన్నేళ్ల అనుభవమో దానికి విడివిడిగా ఉంటుంది. 2023లో ఐటీ ఫ్రెషర్లు ఆఫర్ లెటర్ పట్టుకుని జాయినింగ్ డేట్ కోసం పడిగాపులు కాస్తుంటే, నేనేమో ఒక ఫార్మా కంపెనీకి క్యూసీ అనలిస్టులు (మందుల నాణ్యత పరీక్షించేవాళ్లు) దొరక్క నెలంతా తిరిగాను.

అపోహ: లేఆఫ్స్ అంటే ఎక్కడా తీసుకోవట్లేదని. కాదు. మానేసినవాళ్ల సీట్లు ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటాయి.

అసలు కొంప ముంచేది ఇది: "మార్కెట్ బాలేదు, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకోక తప్పదు." ఈ మాట పుట్టించేదే దాన్ని అమ్ముకునేవాళ్లు. 2014లో యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) వచ్చాక ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో పీఎఫ్ రికార్డులోనే కనపడుతుంది, వెరిఫికేషన్‌లో మేం ముందు అడిగేదీ అదే. నాలుగొందల మంది ఉన్న కంపెనీలో రెండేళ్లు చేశానని రాసి ఒక్క నెల పీఎఫ్ కూడా పడకపోతే మేమేం అనుకోవాలి?

పోయినేడాది నల్గొండ వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఇంట్లోవాళ్లు చిట్టీ పాడి లక్షా ఎనభై వేలు ఒక కన్సల్టెన్సీకి కట్టారట. వాళ్లిచ్చిన ఫిబ్రవరి పేస్లిప్‌లో "పెయిడ్ డేస్ 30" అని ఉంది. పాపం, అతను కూడా చూసుకోలేదు. నాకు ఒళ్లు మండింది అతని మీద కాదు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) రౌండ్ బ్రహ్మాండంగా చేశాడు, అదే టీమ్‌లో రెండు ట్రెయినీ పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఫ్రెషర్‌నని చెప్పుంటే సరిపోయేది. దొంగ కాగితం దొరికాక నేనేం చేయగలను? "మార్కెట్ బాలేదన్నారు కదన్నా" అన్నాడు.

గ్యాప్, అంటే ఉద్యోగం లేని ఖాళీ కాలం, ఉంటే ఇక అంతే అని కూడా భయపెడతారు, వినకండి. ఇప్పటికే ఫేక్ ఎక్స్‌పీరియెన్స్‌కి డబ్బు కట్టేసినవాళ్లు మాత్రం ఆ దొంగ అనుభవాన్ని ఇవాళే రెజ్యూమెలోంచి తీసేయండి, గ్యాప్ కనపడినా సరే. ఎందుకొచ్చిందని అడుగుతాం, ఉన్నది చెప్పండి.