స్టాన్‌ఫర్డ్ పేరు వెనక ఉన్న రైలు పట్టాలు

స్టాన్‌ఫర్డ్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది యూనివర్సిటీ. ఆ పేరు నిజానికి పదిహేనేళ్ల కుర్రాడిది. 1884లో ఇటలీలో టైఫాయిడ్‌తో చనిపోయిన కొడుకు జ్ఞాపకంగా ఆ తల్లిదండ్రులు దాన్ని కట్టించారు. కట్టించిన డబ్బు రైల్వేది. తండ్రి లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌ని ఇప్పటికీ చాలామంది ‘దోపిడీ దొర’ అనడానికి కారణం ఆ డబ్బు వచ్చిన దారే.

ఆయన శాక్రమెంటోలో కిరాణా వ్యాపారి. 1861లో హంటింగ్టన్, హాప్‌కిన్స్, క్రాకర్‌లతో కలిసి సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ పెట్టి, దానికి ప్రెసిడెంట్ అయ్యాడు. మరుసటి జనవరిలో కాలిఫోర్నియా గవర్నర్ కూడా అయ్యాడు. కంపెనీ, ప్రభుత్వం రెండూ ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి.

అమెరికా తూర్పు, పడమరలను కలిపే రైలు మార్గం కోసం వచ్చిన 1862 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం కంపెనీకి మైదానంలో మైలుకు 16,000 డాలర్ల బాండ్లు అప్పుగా ఇస్తుంది, కొండల్లో అయితే 48,000. సియెర్రా కొండలు శాక్రమెంటోకి ఏడు మైళ్ల దూరంలోనే మొదలవుతాయని రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త తేల్చాడు. నిజానికి అక్కడ నేల చదునుగానే ఉంటుంది, అయినా కంపెనీకి కొండల రేటు దక్కింది. పనుల కాంట్రాక్టు కూడా ఆ నలుగురూ తమ సొంత సంస్థకే ఇచ్చుకున్నారు. తర్వాత విచారణ జరిగినప్పుడు ఆ సంస్థ లెక్కల పుస్తకాలు దొరకలేదు.

ఇలాంటి డబ్బు గోల్‌మాల్ ఆ కాలంలో ఇతర రైల్వేల్లోనూ జరిగింది. నన్ను ఎక్కువ బాధపెట్టేది చైనా కూలీల సంగతి. గవర్నర్‌గా చేసిన తొలి ప్రసంగంలోనే స్టాన్‌ఫర్డ్ వాళ్లని తక్కువ జాతి అన్నాడు, రానివ్వకూడదన్నాడు. మూడేళ్లు తిరగకుండానే కొండల్లో పనికి మనుషులు దొరక్క వాళ్లనే పిలవాల్సి వచ్చింది. 1865లో అధ్యక్షుడు జాన్సన్‌కి పంపిన నివేదికలో వాళ్లు నెమ్మదస్తులని, కష్టజీవులని, వాళ్లు లేకపోతే గడువులోపు పని పూర్తికాదని రాశాడు. మనిషి విలువ తన అవసరాన్ని బట్టి మారిపోయింది.

పది వేలకు పైగా చైనీయులు మంచులో, గ్రానైట్ సొరంగాల్లో పనిచేశారు. జీతం నెలకు సుమారు 30 డాలర్లు, తిండి ఖర్చు వాళ్లదే. తెల్లవాళ్లకు మాత్రం కంపెనీయే తిండి పెట్టేది. 1867 జూన్‌లో సమాన జీతం కోసం, పని గంటలు తగ్గించాలని సమ్మె చేస్తే, క్రాకర్ వాళ్లకి ఆహారం అందకుండా ఆపించాడు. వారం రోజుల్లో సమ్మె ముగిసింది. ఎంతమంది చనిపోయారో కంపెనీ లెక్క కూడా పెట్టలేదు.

1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ దగ్గర తూర్పు నుంచి, పడమర నుంచి వచ్చిన పట్టాలను బంగారు మేకుతో కలిపే వేడుకలో సుత్తి పట్టుకున్నది స్టాన్‌ఫర్డే. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆయన 1885లో సెనేటర్ అయ్యాడు, 1893లో చనిపోయాడు. రైల్వే అప్పు కింద ఆయన ఆస్తి మీద ప్రభుత్వం కోటిన్నర డాలర్లకు దావా వేస్తే, భార్య జేన్ సుప్రీంకోర్టు దాకా పోరాడి 1896లో గెలిచింది. యూనివర్సిటీ నిలబడింది.

2012లో అదే యూనివర్సిటీ పరిశోధకులు చైనా కూలీల చరిత్ర వెతకడం మొదలుపెట్టారు. ఆ కూలీలు స్వయంగా రాసిన ఉత్తరం ఒక్కటీ వాళ్లకి దొరకలేదు.