నీళ్లలో విబ్రియో తక్కువే, మరి రొయ్య ఎందుకు పోతోంది?

అపోహ: నీళ్లలో విబ్రియో (రొయ్యకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) కౌంట్ తక్కువుంటే విషం ఉండదు.

పూసపాటిరేగ, భోగాపురం హేచరీల నుంచి సంతబొమ్మాళి చెరువుల దాకా రైతును ఎక్కువ ముంచుతున్న మాట ఇదే. ల్యాబు రిపోర్టులో విబ్రియో మి.లీ.కు 500 అని చూసి మేత పెంచేస్తారు. ఆ 500 నీళ్ల లెక్క మాత్రమే. విబ్రియో గుంపు కట్టేది ట్యాంకు గోడ జిగటలో, మిగిలిన మేతలో, నల్ల బురదలో, రొయ్య పేగులో.

గుంపు ఎంతుందో అది కోరం సెన్సింగ్‌తో కనిపెడుతుంది. విబ్రియో హార్వేయి మూడు రకాల సంకేత అణువులు వదులుతుంది. పలచగా ఉన్నంతసేపూ లక్స్‌-ఓ ప్రోటీన్ చిన్న ఆర్‌ఎన్‌ఏలు తయారు చేయిస్తుంది, అవి లక్స్‌-ఆర్‌ను పుట్టనివ్వవు (ఇది జన్యువులను నడిపే స్విచ్చు లాంటి ప్రోటీన్). గుంపు చిక్కబడి సంకేతాలు పోగుపడితే లక్స్‌-ఓ ఆగుతుంది, లక్స్‌-ఆర్ పెరుగుతుంది. అప్పుడే బ్యాక్టీరియా కాంతితో రాత్రి ట్యాంకు వెలుగుతుంది, కొన్ని విషాల జన్యువులూ పని మొదలుపెడతాయి. అన్నీ కాదు! రొయ్య కణంలోకి సూదిలా విషం దించే టైప్‌-3 వ్యవస్థ ఇదే బ్యాక్టీరియాలో పలచగా ఉన్నప్పుడు నడుస్తుంది, చిక్కబడితే అణుగుతుంది. కలరా క్రిమి విషం తీరూ ఇంతే. తక్కువ కౌంట్ క్షేమానికి గుర్తు ఎలా అవుతుంది?

అందుకే నీళ్లతో పాటు అడుగు బురద, ఐదారు రొయ్యల లివర్, పేగు విడివిడిగా ల్యాబుకి ఇవ్వండి. శాంపిల్ ఐస్‌కి నేరుగా తగలకూడదు. చలికి విబ్రియో మొద్దుబారి ల్యాబు ప్లేటు మీద కాలనీ (కంటికి కనబడే బ్యాక్టీరియా చుక్క) కట్టదు, లెక్క తగ్గి కనబడుతుంది. పలచన చేసే నీళ్లలో 2 శాతం ఉప్పుండాలి, మంచినీళ్లయితే కణాలు పగిలిపోతాయి. 100 రెట్లు పలచన చేసి ప్లేటు మీద 0.1 మి.లీ. పరిస్తే 40 కాలనీలు వచ్చాయంటే, అసలు లెక్క మి.లీ.కు 40,000.

అపోహ: ల్యాబు ప్లేటు మీద పచ్చ కాలనీ చెడ్డది, పసుపుది మంచిది.

ఆ పసుపు, బ్యాక్టీరియా సుక్రోజ్‌ను (చక్కెరను) పులియబెట్టిందని చెబుతుంది, అంతే. హార్వేయి రెండు రంగుల్లోనూ వస్తుంది. రొయ్యను చిన్న వయసులోనే చంపే ఈఎంఎస్ జబ్బు విషం జన్యువులు పిర్‌-ఏ, పిర్‌-బి ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట) మీద ఉంటాయి, వాటిని పట్టేది జన్యువును వెతికే పీసీఆర్ పరీక్షే.

అపోహ: మందు కొడితే విషం పోతుంది.

ట్యాంకు వెలిగిన రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు, చేతికందింది పోసేయాలనిపిస్తుంది. కానీ శానిటైజర్ తేలే బ్యాక్టీరియాని చంపుతుంది, జిగటలోది మిగులుతుంది, చచ్చిన ప్లాంక్టన్ దానికే మేతవుతుంది. బయటికొచ్చేసిన విషాన్ని యాంటీబయోటిక్ తీయలేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధం కూడా.

బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా)? కొన్ని రకాలు లాక్టోనేజ్ అనే ఎంజైమ్‌తో సంకేతాన్ని విరుస్తాయి, అదీ మూడింటిలో ఒక్కదాన్నే. రొయ్య మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిన రోజే మేత తగ్గించండి, మధ్య డ్రెయిన్ నుంచి బురద తీయించండి.