పాలిషింగ్ ప్యాడ్ ఎన్ని కార్లకు వస్తుంది? షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయవాడ ఆటోనగర్‌లో నాదో చిన్న డీటెయిలింగ్ షెడ్డు, అంటే కార్ల పెయింట్ మీద గీతలు తీసి మెరిపించే చోటు. ప్యాడ్ అంటే పాలిషింగ్ మెషీన్‌కు తగిలించే గుండ్రటి మెత్త, ఎక్కువగా ఫోముది. వారానికి ఒక్కరైనా అడుగుతారు: "అన్నా, ఎక్కువ కాలం వచ్చే ప్యాడ్ పేరు ఒకటి చెప్పు." కొత్తగా షాపు పెట్టిన కుర్రాళ్లు అడుగుతారు. ఆన్‌లైన్‌లో మెషీన్ కొని ఆదివారం సొంత కారు మెరిపించుకునే ఉద్యోగులూ అడుగుతారు. పేరు చెప్పడానికేం, చెప్పొచ్చు. కానీ నేను చెప్పిన ప్యాడే కొని, మొదటి కారుకే రెండు ముక్కలు చేసుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. అదే రకం ప్యాడ్ నా దగ్గర పన్నెండో కారు మీద తిరుగుతోంది. తేడా ఎక్కడొస్తుందో చెప్పాలంటే ముందు ఈ లైన్‌లో తిరిగే కొన్ని మాటల సంగతి తేల్చాలి.

అపోహ: రేటు తక్కువ ప్యాడ్ కొంటే డబ్బు మిగులుతుంది.

షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఇదే అనుకున్నాను. పది ప్యాడ్ల ప్యాకెట్ ఒకటి చవగ్గా దొరికితే తెప్పించాను. ఒక నల్ల సెడాన్ బానెట్ మీద మూడో ప్యాడ్ నడుస్తుండగా వెనక జిగురు వదిలేసింది. ఫోమ్ ఎగిరి గోడకు కొట్టుకుంది. మెషీన్ ఆపేలోపు, ప్యాడ్‌ను పట్టి ఉంచే వెల్‌క్రో పళ్ల ప్లేటు పెయింట్‌ను ముద్దు పెట్టుకుంది. అరచేయంత గరుకు మచ్చ. ఆ మచ్చ తీయడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. కూలీ కాదు కదా, కరెంటు ఖర్చు కూడా మిగల్లేదు.

అప్పటి నుంచి ప్యాడ్ రేటు చూడను, కారుకు ఎంత పడిందో చూస్తాను. ఉదాహరణకు 300 రూపాయల ప్యాడ్ రెండు కార్లకు వస్తే కారుకు 150. 1,200 రూపాయలది పది కార్లకు వస్తే కారుకు 120. తేడా ముప్పై రూపాయలే, పెద్ద లెక్కేం కాదు. ప్యాడ్ మధ్యలో పోతే పోయే టైమ్, కస్టమర్ ముందు పడే టెన్షన్ ఈ లెక్కలోకి రావు. అలాగని ఖరీదైనదంతా మన్నుతుందనీ కాదు. ఆఖరి మెరుపుకు వాడే మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్ ఎంత పెట్టి కొన్నా కటింగ్ పనికి, అంటే గీతలు అరగదీసే పనికి వాడితే అంతే, చిరుగుతుంది.

అపోహ: నొక్కితే గట్టిగా ఉండాలి, మందంగా ఉండాలి. అదే మన్నిక.

పరుపుల షాపుకెళ్లినప్పుడు సేల్స్‌మన్ డెన్సిటీ, డెన్సిటీ అంటుంటాడు చూడండి, ఆ సంగతి ఇక్కడా పనికొస్తుంది. ఫోమ్ గట్టిదనం వేరు, సాంద్రత వేరు. గట్టిదనం అంటే నొక్కితే ఎంత ఎదురు తంతుంది అని. సాంద్రత అంటే అంత జాగాలో అసలు ఎంత పాలీయురేథేన్, అంటే ఫోమ్ చేసే ప్లాస్టిక్ సరుకు, ఉంది అని. తక్కువ సాంద్రత ఉన్న ఫోమ్‌ను కూడా గట్టిగా తయారు చేయొచ్చు. షాపులో బొటనవేలికి బాగానే అనిపిస్తుంది, రెండు కార్లయ్యాక మధ్యలో గుంట పడుతుంది.

మందం సంగతికొస్తే, డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషీన్‌కు మందపాటి ప్యాడ్ పెద్ద గుదిబండ. డీఏ తిరగడమే కాదు, 8, 15, 21 మిల్లీమీటర్లు ఇలా మెషీన్‌ను బట్టి ఊగుతుంది కూడా. ప్యాడ్ మందంగా ఉంటే పై భాగం ఊగుతుంటే కింద పెయింట్‌కు ఆనిన భాగం అంతగా కదలదు. ఆ ఊపంతా ఫోమ్ మధ్యలోనే వేడిగా మారుతుంది, పని తక్కువ జరుగుతుంది, జిగురు మీద లాగుడు ఎక్కువ పడుతుంది. ఇప్పుడు మంచి కంపెనీలు డీఏ కోసం పలుచటి ప్యాడ్లే చేస్తున్నాయి. చాలావాటికి మధ్యలో రంధ్రం కూడా ఉంటుంది. వేడి ఎక్కువగా చేరేది నడిమధ్యలో కాబట్టి అక్కడ ఫోమ్ తీసేశారు. "మధ్యలో చిల్లు పెట్టి ఫోమ్ మిగుల్చుకున్నారు" అని ఒక కస్టమర్ నవ్వాడు. ఆ చిల్లే ప్యాడ్‌ను బతికిస్తుంది.

కొనేటప్పుడు నేను చూసేవి ఇవి. బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. లైటుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రాలు ఒకే తీరుగా ఉండాలి. వెల్‌క్రో గుండ్రం ఫోమ్ అంచుకంటే లోపలికి ఉండాలి, అంచుదాకా ఉంటే ఏదో ఒక మలుపులో పెయింట్‌కు తగులుతుంది. వెల్‌క్రో సరిగ్గా మధ్యలో అతికించారో లేదో చూడాలి. పక్కకు అతికిస్తే మెషీన్ వణుకుతుంది, ఆ వణుకే ప్యాడ్‌ను చీలుస్తుంది.

అపోహ: రంగు చూస్తే ప్యాడ్ రకం తెలిసిపోతుంది.

తెలియదు. రూపెస్ కంపెనీలో పసుపు ప్యాడ్ ఫైన్ పనికి, అంటే సన్నటి గీతలకు. లేక్ కంట్రీ కంపెనీ పాత వరసలో పసుపంటే గట్టి కటింగ్. మెగైర్స్‌లో పసుపు మధ్య రకం పాలిషింగ్. తెలుపు కూడా ఒకరి దగ్గర పాలిషింగ్‌కు, ఇంకొకరి దగ్గర ఆఖరి మెరుపుకు. ట్రాఫిక్ సిగ్నల్ లాగా అందరికీ ఒకే రంగుల పద్ధతి ఈ లైన్‌లో లేదు. ప్యాకెట్ మీద రాసింది చదవాలి. ప్యాకెట్ మీద ఏమీ రాయని ప్యాడ్ నేను కొనను.

అపోహ: వెల్‌క్రో ఊడిందంటే ప్యాడ్ డూప్లికేట్.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ప్యాడ్లు చచ్చేది ఎక్కువగా ఇక్కడే.

వెల్‌క్రో కనిపెట్టినాయన స్విట్జర్లాండ్‌కు చెందిన జార్జ్ ద మెస్ట్రాల్. తన కుక్క బొచ్చుకు అంటుకున్న ఒక మొక్క కాయల్ని చూసి ఆలోచన వచ్చింది. చేలగట్టు మీద నడిస్తే మన పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకోవూ, అలాంటి పనే. ఒకవైపు కొక్కేలు, ఇంకోవైపు ఉచ్చులు. మెషీన్ ప్లేటు మీద ఉండేవి కొక్కేలు, ప్యాడ్ వెనక ఉండేవి ఉచ్చులు. వేడి ఎక్కువైతే ప్లేటు మీద కొక్కేలు మెత్తబడి వంగిపోతాయి. మధ్యలో ఉన్నవి ముందు పోతాయి. అప్పుడు ఎంత కొత్త ప్యాడ్ పెట్టినా పట్టు ఉండదు, జారుతుంది. జారితే రాపిడి, రాపిడికి ఇంకా వేడి. మనం ప్యాడ్‌ను తిట్టి ఇంకో కంపెనీది కొంటాం. అసలు మార్చాల్సింది ప్లేటు.

రెండో సంగతి ప్లేటు సైజు. ఆరంగుళాల ప్యాడ్‌కు ఐదంగుళాల ప్లేటు సరిపోతుంది. ప్లేటు ప్యాడంత ఉంటే అంచు దగ్గర ఫోమ్‌కు వంగే చోటు లేక కోసుకుపోతుంది. పైగా ప్లేటు అంచే కారుకు తగిలే ప్రమాదం ఉంది. మరీ చిన్నదైతే ప్యాడ్ అంచు ఆసరా లేక రెక్కలా కొట్టుకుంటుంది.

మూడోది బరువు. మెషీన్ మీద ఒళ్లంతా వేసి నొక్కితే త్వరగా కోస్తుందనుకుంటారు. డీఏ మీద అలా నొక్కితే తిరగడం ఆగిపోయి ఉన్నచోటే ఊగుతుంది. ఊపంతా వేడిగా మారి జిగురు దగ్గరికి చేరుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే మార్కర్ ఇచ్చి ప్లేటు అంచున ఒక గీత గీయిస్తాను. గీత తిరుగుతూ కనబడుతోందా, సరే. ఆగిందా, చెయ్యి తేలిక చెయ్. ఇంతకంటే చవకైన మీటరు లేదు.

ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషీన్ వాడేవాళ్లకు ఇంకో లెక్క. ఆరంగుళాల ప్యాడ్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకు సుమారు 43 కిలోమీటర్లు. 3,000 చుట్లయితే 86. ఆ వేగంతో వెళ్తున్న ఫోమ్ అంచు వైపర్ వాషర్ నాజిల్‌కో, బ్యాడ్జి అక్షరం మొనకో, నంబర్ ప్లేటు అంచుకో తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాంటి చోట్లన్నీ ముందే మాస్కింగ్ టేపు వేసుకోవాలి. టేపు పెయింట్ కోసమే అనుకుంటారు, అది ప్యాడ్‌నూ కాపాడుతుంది.

ఇక మే నెలలో ఎండలో నిలబెట్టిన కారును నేరుగా పాలిష్‌కు తీసుకోకండి. నల్ల బానెట్ మీద చెయ్యి ఆనించలేం, దాని మీద ఫోమ్ పెడితే వేడిలో సగం మనం పుట్టించకముందే ఉంటుంది. నీడలోకి తెచ్చి, కడిగి, చల్లారాక మొదలుపెట్టాలి.

అపోహ: ఒక కారుకు ఒక ప్యాడ్ చాలు.

ఎక్కువ కాలం రావాలంటే ఎక్కువ ప్యాడ్లు వాడాలి. తిరకాసుగా ఉందా? ఒకే ప్యాడ్‌తో కారంతా లాగిస్తే అది కాంపౌండ్ (గీతలు అరగదీసే పేస్టు) తాగి తడిసి, వేడెక్కి, మెత్తబడి ఉంటుంది. ఆ స్థితిలోనే చిరుగుతుంది. నేను కారుకు నాలుగు నుంచి ఆరు ప్యాడ్లు పక్కన పెట్టుకుంటాను. ఒకటో రెండో ప్యానెళ్లు కాగానే తీసి చల్లారబెట్టి రెండోది ఎక్కిస్తాను. ఆరు ప్యాడ్లు ఇలా వంతులవారీగా వాడితే ఒకదాని తర్వాత ఒకటి చంపుకుంటూ పోయిన ఆరు ప్యాడ్ల కంటే చాలా ఎక్కువ కార్లు లాగుతాయి.

అపోహ: కాంపౌండ్ ఎక్కువ వేస్తే ప్యాడ్‌కు మెత్తగా, నూనె పట్టినట్టు ఉంటుంది.

కొత్త ప్యాడ్‌కు మొదట ముఖమంతా పలుచగా పట్టించాలి, ఒట్టి ఫోమ్‌తో మొదలుపెట్టకూడదు, అంతవరకు నిజం. ఆ తర్వాత బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. నీళ్లు చల్లి తడిపి వాడటం కూడా ఇలాంటి అలవాటే. తడిసిన ఫోమ్ మెత్తబడుతుంది, కోత తగ్గుతుంది.

ప్రతి భాగం అయ్యాక నైలాన్ బ్రష్‌తో ప్యాడ్ ముఖం దువ్వండి, కంప్రెసర్ ఉంటే గాలి కొట్టండి. మైక్రోఫైబర్ ప్యాడ్‌కైతే గాలి తప్పనిసరి. పోగుల మధ్య పెయింట్ పొడి కూరుకుపోతే అది అట్టకట్టి ఆ రోజుతో సరి.

అపోహ: థిన్నర్‌లో ముంచితే ప్యాడ్ కొత్తదానిలా అవుతుంది.

పెయింటర్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ఈ అలవాటు ఉంటుంది. పెయింట్ గన్‌కు థిన్నర్ మంచిదే, ఫోమ్‌కూ జిగురుకూ అది విషం. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లు, ఆరబెట్టడానికి డ్రయ్యర్, వాసన కోసం బట్టల కండిషనర్, ఇవన్నీ కూడా వద్దు.

పని కాగానే కడగాలి. రేపు చూద్దాంలే అని వదిలిన కాంపౌండ్ సున్నంలా గడ్డకడుతుంది. గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి క్లీనర్, చేత్తో పిసుకుడు. మెలి పెట్టి పిండకండి, రెండు అరచేతుల మధ్య అదమండి. రాత్రంతా బకెట్‌లో నానబెడితే జిగురు వదులుతుంది. అదిమాక మెషీన్‌కు తగిలించి ఖాళీ బకెట్‌లో తక్కువ స్పీడులో తిప్పితే మిగిలిన నీళ్లు పోతాయి. తర్వాత నీడలో, గాలి తగిలేలా నిలబెట్టాలి.

మా వైపు బోరు నీళ్ల బాధ ఒకటుంది. ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెట్టులా కట్టి ఫోమ్ రంధ్రాల్లో మిగిలిపోతుంది. ఆఖరి జాడింపుకు నేను క్యాన్ నీళ్లు వాడతాను. ఒక మిత్రుడు "ఆర్వో ఫిల్టర్ నుంచి పారబోసే నీళ్లు ఉన్నాయిగా, వృథా ఎందుకు" అని వాటితో జాడించేవాడు. ఆర్వో తీసేసిన ఉప్పంతా ఉండేది ఆ నీళ్లలోనే.

అపోహ: ఉన్ని ప్యాడ్ పాతకాలం సరుకు.

గీతలు లోతుగా ఉన్న కారుకు, టచప్ చేసి ఎమెరీ పేపర్ కొట్టిన ప్యానెల్‌కు ఇప్పటికీ నా మొదటి ఎంపిక ఉన్నే. ఫోమ్‌లా కరగదు, చల్లగా కోస్తుంది, దువ్వుకుంటూ వాడితే ఫోమ్ కంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. రోటరీ మీద హోలోగ్రామ్‌లు, అంటే ఎండలో కనబడే సుడుల్లాంటి సన్న గీతలు వదులుతుంది, నిజమే. తర్వాత ఫోమ్‌తో ఇంకో చుట్టు వేయాల్సిందే. ఉన్ని పోగులు రాలతాయి, షెడ్డు ఊడ్చుకోవాలి.

అపోహ: వాడకుండా దాచిన ప్యాడ్ చెడిపోదు.

ఎండ వెలుతురుకు, తేమకు పాలీయురేథేన్ తనంతట తనే పాడవుతుంది. పాత స్టాకు ప్యాడ్‌ను గిల్లితే పొడి రాలడం చూశాను. ఆఫర్ ఉంది కదా అని రెండేళ్లకు సరిపడా కొనొద్దు. ఇంకొకటి: పని ఆపి టీకి వెళ్లేటప్పుడు మెషీన్‌ను ప్యాడ్ మీద నిలబెట్టి వెళ్లకండి. వేడి ఫోమ్ ఆ బరువుకు అలాగే అణిగిపోయి మళ్లీ లేవదు. వెల్లకిలా పెట్టండి, లేదంటే ప్యాడ్ తీసేయండి.

అపోహ: చిరిగేదాకా వాడొచ్చు.

చాలా కార్ల మీద కంపెనీ పెయింట్ మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే ఒక జిరాక్స్ కాగితమంత, లేదా కాస్త ఎక్కువ. అందులో మనం ముట్టుకునే క్లియర్ కోట్, అంటే అన్నిటికంటే పైనుండే రంగులేని పొర, మూడోవంతు ఉంటే ఎక్కువ. ప్యాడ్ అరిగితే కోత తగ్గుతుంది. కోత తగ్గితే తెలియకుండానే నొక్కుతాం, ఒకటికి రెండుసార్లు తిప్పుతాం. అరిగిన ప్యాడ్‌తో మిగిల్చిన రూపాయలు ఆ పొరలోంచి తీసుకున్నవే.

నొక్కితే లేవకపోయినా, మధ్యలో గుంట పడినా, అంచు దగ్గర వెల్‌క్రో నుంచి ఫోమ్ గోరు దూరేంత విడినా, కడిగినా పోని గట్టి మచ్చలున్నా మా షెడ్డులో అది పెయింట్ మీదకు వెళ్లదు. కింద పడినది కూడా అంతే, కడిగి చూసేదాకా వెళ్లదు. ఆటోనగర్ నేల మీద ఇసుక, ఇనుప రజను రెండూ ఉంటాయి. పెయింట్ మీద రక్షణ పొరగా సెరామిక్ కోటింగ్ పూయడానికి వాడిన స్పాంజిని మాత్రం కడగాలనే ఆలోచన కూడా వద్దు, అది గాజులా బిగుసుకుపోతుంది.

ఇలా దిగిపోయిన ప్యాడ్లకు మా దగ్గర మూలన ఒక పాత పెయింట్ డబ్బా ఉంది. వాటి వెనక మార్కర్‌తో అడ్డగీత కొడతాం. కొన్ని టైర్ డ్రెస్సింగ్ పూయడానికి, కొన్ని పసుపెక్కిన హెడ్‌లైట్లకు, ఒకటి రెండు అద్దాల మీద నీటి మరకలకు వెళ్తాయి. గీత లేని ప్యాడ్ ఆ డబ్బాలో కనబడితే ఆ రోజు టీ ఖర్చు ఎవరు వేశారో వాళ్లదే. పోయినవారం నేనే కట్టాను.