శివారు మడికి నీళ్లు రాలేదంటే

చిన్నూ, అమ్ములూ,

"తాతయ్యా, అమ్మ ఫోనుకి వైఫై వస్తోంది, నువ్విచ్చిన ల్యాప్‌టాప్‌కి ఎందుకు రాదు? లైనక్స్ వేశావనేనా?" అని మొన్న అడిగారుగా. దానికే ఈ ఉత్తరం. (లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రాం.)

మా పొలం కాలవకి చిట్టచివర. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్లు పెద్దకాలవ, పిల్లకాలవ, బోదె అన్నీ దాటి మా మడిలోకి రావాలి. రాని రోజున ఊరంతా లాకుల దగ్గరి మనిషిని తిట్టేది. దూరాన ఉన్నవాణ్ణి తిట్టడం సుళువు కదా! మా నాన్న మాత్రం పార భుజాన వేసుకుని, లాంతరు నా చేతికిచ్చి, మా గట్టు దగ్గర మొదలుపెట్టి ఎగువకి నడిచేవాడు. ఒక రాత్రి నేను తొందరపడి లాకుల వైపు పరిగెత్తాను. వెనక నుంచి నాన్న కేక. మా మడికి పది బారల దూరంలో ఎండ్రకాయ బొరియ! నీళ్లన్నీ పక్క చేలోకి పోతున్నాయి.

మీరూ మన గట్టు దగ్గరే మొదలుపెట్టండి. కమాండ్లు టైపు చేసే కిటికీ, అదే టెర్మినల్‌లో, 'సుడో ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టండి. 'సుడో' అంటే యజమాని హోదాలో చేయమని (స్పెల్లింగులన్నీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టాను). 'సాఫ్ట్ బ్లాక్డ్' పక్కన 'యెస్' (అవును) అని ఉంటే ఎవరో విమానం బొమ్మ మీట నొక్కారన్నమాట. అమ్ములూ, నా అనుమానం నీ మీదే. 'సుడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' అంటే తూము తెరుచుకుంటుంది. 'హార్డ్ బ్లాక్డ్' అయితే కమాండ్లకి లొంగదు, ల్యాప్‌టాప్ అంచున ఉన్న బుల్లి మీటని వేలితో జరపాలి.

తూము తెరిచే ఉంటే బోదె చూడాలి. ఇక్కడ నా కాలవ పోలిక కొంచెం ఎండిపోతోంది, ఏమనుకోకండి. చాలా వైఫై చిప్పులు నిద్ర లేచేసరికి ఏమీ గుర్తుండని రకం. ఫర్మ్‌వేర్ అనే ఫైలుని లైనక్స్ ప్రతిసారీ వాటికి అందించాలి. ఫోనులో ఆ ఫైలు తయారీవాళ్లే పెట్టి పంపుతారు. నేను వేసిన డెబియన్ రకం లైనక్స్ తయారుచేసేవాళ్లేమో, సోర్సు కోడ్ బయటపెట్టని ఫైళ్లు మాకొద్దని, 2023లో 12వ వెర్షన్ వచ్చేదాకా వాటిని తమ అసలు ఇన్‌స్టాల్ డిస్కులో చేర్చలేదు. నేను వేసింది అంతకు ముందుది. మా ఇంట్లో నెట్ తీగ పెట్టి వాడాను కాబట్టి నాకు తేడా తెలియలేదు. అంటే ఈసారి ఎండ్రకాయ బొరియ నా గట్టుకే ఉన్నట్టుంది!

అదే అయితే అమ్మ ఫోనుని యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోను నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెడదాం, ఆ నెట్‌తోనే ఫైలు దింపుకోవచ్చు. ఆ తర్వాత కూడా రాకపోతే ముందు ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె రౌటర్‌ని, తర్వాత 8.8.8.8 అనే గూగుల్ వాళ్ల కంప్యూటర్‌ని పింగ్ చేయండి, అంటే 'ఉన్నావా?' అని పలకరించండి. ఈ అంకెలకి జవాబు వచ్చి, వెబ్‌సైటు పేరుకి రాకపోతే తప్పు పేర్లని అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ది. దాని సంగతి ఇంకో ఉత్తరంలో.

ఇప్పటికి ఒక్క పని చేయండి. ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ వేసి, 'సుడో డీమెసేజ్' కొట్టి మొదటి వరుస నుంచి చదవండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఎడమ పక్క అంకెలు చూడండి, అవి సెకన్లు. లేచిన ఎన్నో సెకనుకి తన కీబోర్డుని గుర్తుపట్టిందో, ఎన్నో సెకనుకి డిస్కుని తడుముకుందో, అన్నీ తనే రాసుకుంది! అందులో 'ఫర్మ్‌వేర్' అని, పక్కనే 'ఫెయిల్డ్' అని ఉన్న వరుస కనబడితే ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య