లాటినో విద్యార్థులు, కాలేజీ చదువు: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సులుండే కాలేజీ) కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా లాటినో పిల్లలే, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు. మెక్సికో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబాలు వాళ్ళవి. ఈ దేశంలో టీఏలుగా (ప్రొఫెసర్లకు బోధనలో సాయపడే విద్యార్థులు), లెక్చరర్లుగా పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది వీళ్ళకు పాఠాలు చెబుతున్నారు, మార్కులు వేస్తున్నారు. శని, ఆదివారాల్లో భోజనాల దగ్గర ఈ పిల్లల గురించి మనవాళ్ళ నోట విన్న మాటలు బాధపెట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: వాళ్ళ ఇళ్ళలో చదువుకు విలువ లేదు.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ హాని చేసేదీ ఇదే. 1940లలో ఇక్కడి ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లల్ని వేరే బడికి పంపేవారు. గొన్సాలో మెండెజ్ అనే కౌలు రైతు మరో నలుగురు తండ్రులతో కలిసి కోర్టుకెక్కాడు. 1947లో అప్పీలు కోర్టులో కూడా వాళ్ళే గెలిచారు. జాతిని బట్టి పిల్లల్ని వేరే బడులకు పంపడం చెల్లదని దేశమంతటికీ చెప్పిన సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు రావడానికి ఏడేళ్ళ ముందు మాట ఇది. 1968 మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో వేలమంది హైస్కూలు పిల్లలు క్లాసులు వదిలి వీధుల్లోకి వచ్చారు. వాళ్ళు అడిగింది మంచి చదువు, కాలేజీకి దారి చూపే కోర్సులు, తమ చరిత్ర చెప్పే పాఠాలు.

స్పానిష్‌లో 'ఎదుకాసియోన్' అంటే చదువొక్కటే కాదు, మర్యాద, నడవడిక కూడా. మనం 'చదువూ సంస్కారం' అని జంటగా చెప్పేది వాళ్ళకు ఒక్క మాటలో ఉంది. రోజంతా వంగి స్ట్రాబెర్రీలు కోసి వచ్చిన తల్లి కూతురితో 'ఎచలే గానాస్' అంటుంది, అంటే మనసు పెట్టి కష్టపడమని. ఆర్థిక సహాయానికి ఫాఫ్సా ఫారం ఎలా నింపాలో, సెమిస్టర్‌కి ఎన్ని యూనిట్లు (క్రెడిట్లు) తీసుకోవాలో ఆమెకు తెలియకపోవచ్చు. తెలియకపోవడం వేరు, పట్టకపోవడం వేరు. వేలిముద్ర వేసే తండ్రులు పొలం తాకట్టు పెట్టి కొడుకుల్ని ఇంజినీరింగ్ చదివించిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, మనకు ఈ తేడా తెలియాలి. ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ లెక్కల ప్రకారం 18-24 ఏళ్ళ లాటినోల్లో హైస్కూలు పూర్తిచేయకుండా మానేసినవాళ్ళు 1996లో 34 శాతం. 2016కి అది 10 శాతానికి తగ్గింది. ఇళ్ళలో పట్టుదల లేకుండా ఇరవై ఏళ్ళలో ఇంత మార్పు రాదు.

అపోహ: కుటుంబమే వాళ్ళ కాళ్ళకు బంధం. ఇల్లు వదిలితే బాగుపడతారు.

వాస్తవం: ఇంటివాళ్ళే ముందు, ఆ తర్వాతే తాను అనుకునే ఆ తీరును 'ఫమిలీస్మో' అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాదీ ఇదే అపోహ. తమ్ముణ్ణి స్కూలు నుంచి తీసుకురావాలని, అమ్మమ్మకు డాక్టరు చెప్పేది స్పానిష్‌లో వివరించాలని ఒక అమ్మాయి క్లాసులు మానేసేది. "ముందు నీ చదువు చూసుకో" అన్నాను. తలూపి వెళ్ళింది, మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఇల్లూ చదువూ అని ఆ పిల్ల ముందు రెండు పెట్టి ఒకటి ఎంచుకోమన్నానని ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నే "ఇంట్లో నీ మీద ఏ పనులున్నాయి, ఏ రోజు, ఎన్ని గంటలకు?" దాన్నిబట్టి టైమ్ టేబుల్ వేస్తాం. బాధ్యత మరీ ఎక్కువైతే మార్కులు పడిపోతాయి, అది నిజమే. కానీ చాలామందిని చదువులో నిలబెట్టేది కూడా ఆ బాధ్యతే. మనస్తత్వ పరిశోధకురాలు నికోల్ స్టీఫెన్స్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చిన విద్యార్థులకు 'నీ దారి నువ్వే వెతుక్కో' అన్న ధోరణిలో స్వాగత లేఖ ఇస్తే, తర్వాత పెట్టిన చిన్న పరీక్షల్లో మిగతావాళ్ళకన్నా వెనకబడ్డారు. 'అందరితో కలిసి నేర్చుకో' అన్న లేఖ ఇచ్చినప్పుడు ఆ తేడా కనబడలేదు. అది లాటినోల మీద మాత్రమే చేసినది కాదు, కానీ నా గదిలో రోజూ చూసేది అదే.

అపోహ: డౌట్లు అడగరు, ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థుల కోసం టీచర్లు తమ గదిలో ఉండే వేళలు) రారు. ఆసక్తి లేదు.

వాస్తవం: 'రెస్పేతో' అంటే పెద్దల పట్ల గౌరవం. ప్రొఫెసర్ని విసిగించకూడదనే చాలామంది తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్తారు. అడిగితే తెలివి లేదనుకుంటారేమో, తనవాళ్ళందరినీ అలాగే అనుకుంటారేమో అన్న టెన్షన్ మరొకటి. మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టీల్, ఆరన్సన్ 1995లో నల్లజాతి విద్యార్థుల్లో ఈ ఒత్తిడి పరీక్ష ఫలితాల్ని ఎలా దెబ్బతీస్తుందో చూపించారు. తర్వాత లాటినో విద్యార్థినుల్లోనూ అది కనబడింది. టెక్సస్‌లోని లారెడోలో పెరిగిన పరిశోధకురాలు లారా రెండోన్ 1994 నుంచీ చెబుతున్నది ఒక్కటే: వీళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకండి, మీరే ముందు పలకరించండి. టీఏగా ఉన్న మనవాళ్ళు ఇది వెంటనే చేయొచ్చు. "డౌట్లుంటే రండి" అని క్లాసంతటికీ చెప్పొద్దు. పేరు పెట్టి పిలిచి, "గురువారం మూడింటికి రా, రెండో లెక్క కలిసి చూద్దాం" అనండి. వస్తారు.

అపోహ: అందరూ వలస వచ్చినవాళ్ళే, ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: అమెరికాలోని లాటినోల్లో సుమారు మూడింట రెండొంతుల మంది ఇక్కడే పుట్టారు. అమెరికా ఆధీనంలోని ప్యూర్టోరికో దీవికి చెందిన ప్యూర్టోరికన్లు 1917 నుంచీ అమెరికా పౌరులే. నా విద్యార్థుల్లో కొందరికి సరిగా రానిది స్పానిషే. ఇక్కడా కాదు, అక్కడా కాదు అనే అర్థంలో 'నీ దె అకీ, నీ దె అయ్యా' అంటుంటారు. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే మన పిల్లలకు ఆ బాధ కొంత తెలుసు.

ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేని కుటుంబాలూ ఉన్నాయి, ఎప్పుడు పట్టుకుని వెనక్కి పంపేస్తారోనన్న భయంతో బతుకుతుంటారు. చిన్నప్పుడే వచ్చిన కొందరికి 2012లో మొదలైన డాకా అనే ప్రభుత్వ కార్యక్రమం వల్ల పని అనుమతి దొరికింది, కానీ తల్లిదండ్రులకు అదీ లేదు. నాన్న పనికి వెళ్ళి తిరిగి వస్తాడో రాడో తెలియని ఉదయం కూడా మిడ్ టర్మ్ ఉంటుంది. అలాంటి రోజు ఎవరైనా నా గదిలోకి వస్తే మార్కుల సంగతి ఎత్తను. ఇంటికి ఫోన్ చేశావా అని అడుగుతాను.